ఇవాళే లేని నొప్పి

పొద్దున లేచేసరికి నొప్పి లేదు. మూడేళ్ళుగా మెడకు కుడిపక్కన మొదలై, రెక్క కింద కాసేపు తిష్ఠ వేసి, మోచేతి మీదుగా బొటనవేలి దాకా దిగే ఆ నొప్పి, ఏ రెణ్ణెల్లకో ఒక పూట దయ తలిచి తప్పుకునే ఆ నొప్పి, సరిగ్గా ఇవాళే తప్పుకుంది. మెడికల్ బోర్డు వాళ్ళకు దాన్ని చూపించుకోవలసిన రోజునే తప్పుకుంది. పళ్ళు తోముకుంటూ అనుమానం వచ్చి చెయ్యి పైకెత్తింది. లేచింది. జుట్టు ముడి వేసుకుంది, వేళ్ళు చెప్పిన మాట విన్నాయి. స్వెట్టర్లోకి చెయ్యి దూర్చింది, ఎవరి చెయ్యో అన్నట్టు సుతారంగా దూరింది. అద్దంలో తన మొహం తనకే కొట్టొచ్చినట్టు ఆరోగ్యంగా కనిపించింది. వద్దు మొర్రో అంటే ఏకై వచ్చి మేకై కూర్చుని, రావే తల్లీ అన్న రోజున మొహం చాటేసేదాన్ని ఏమని తిట్టాలి? తిట్టింది. తనకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాక, ఫ్యాక్టరీలో లోడింగ్ వాళ్ళ దగ్గర విన్నవి కూడా తిట్టింది. వంటింట్లోంచి మొగుడు "ఎవరినే?" అన్నాడు. ఎవరినని చెప్పడం?

చెప్పింది. నొప్పి లేదండీ అంది. "లేదా? మంచిదేగా," అన్నాడు ఆ మహానుభావుడు, నీళ్ళ మోటార్లు బాగుచేసే మనిషి, ఆగిపోయిన మోటారు తిరిగితే సంతోషించడం అలవాటైనవాడు. రెండు గుటకలు టీ తాగాక గాని బుర్రలో వెలగలేదు. వెలిగాక నాలిక కరుచుకుని, "పోనీ, నిన్నటిది గుర్తుతెచ్చుకుని చెప్పు," అన్నాడు. నిన్నటిది. నిన్న ఇదే సమయానికి గిన్నె మూత ఎత్తలేక ఎడమచేత్తో తోస్తే అది కిందపడి, కూతురు పరుగెత్తుకొచ్చి ఏమీ అనకుండా తీసి కడిగి పెట్టింది. ఏమీ అనకుండా. ఆ పిల్ల ఏదో ఒకటి అంటే బాగుండును. అమ్మా, నువ్వు చూసుకోవద్దా అని విసుక్కుంటే బాగుండును. తల్లి చేతిలోంచి బరువైన గిన్నెను మెల్లగా తీసుకునే ఆ నేర్పు ఇరవై ఏళ్ళకే వచ్చేసింది, అది చూస్తే ఒళ్ళు మండుతుంది. పిల్ల మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే ఈ మంట కాస్త తగ్గేది.

ఇప్పుడు పది దాటింది. ఇనప కుర్చీలు, ఒకదానికొకటి అతికించినవి, మూడు వరసలు. ఒక చివర ఎవరైనా కాలు ఊపితే వరసంతా ఊగుతుంది. ఆవిడ చేతిలో టోకెను పంతొమ్మిది, గాజు తలుపు పైన ఎర్రగా వెలిగే అంకె పదిహేను. బోర్డు ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టుకు తాడు కట్టి 'మరమ్మతు' అని అట్ట తగిలించారు, ఆ అట్ట మూలలు పసుపుపచ్చగా మడతలు పడిపోయాయి, అంటే మరమ్మతు ఎప్పటినుంచి సాగుతోందో అర్థం చేసుకోవచ్చు. నడవలేనివాళ్ళను పరీక్షించే ఆఫీసును మెట్లెక్కించి పెట్టినవాడికి ముందు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. కిందినుంచి ఒక ముసలాయన్ని కొడుకులిద్దరూ కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆయన పైకొచ్చాక, మోసిన కొడుకులు ఎగశ్వాసతో గోడకు చేరగిలబడితే, చూసేవాళ్ళకు ఎవరు రోగో తెలియలేదు. ఆవిడకు మాత్రం మెట్లు అసలు లెక్కలోకే రాలేదు. గబగబా ఎక్కింది. ఎక్కి, పైమెట్టు మీద ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది. అక్కడే గుండె దడ మొదలైంది.

నొప్పి సెలవు పెట్టినా దడ పెట్టదు. అది ఎనిమిది నెలల నుంచీ, ఉద్యోగం పోయినప్పటినుంచీ, ఇల్లరికపు అల్లుడిలా ఉంది. ఫోను మోగితే దడ, మోగకపోతే దడ. వీధి తలుపు వేశానా, పొయ్యి ఆర్పానా, చేతిలో ఉన్నది పట్టుకునే ఉన్నానా. బస్సులో పైకమ్మీ పట్టుకోవాలంటే, సగం దారిలో వేళ్ళు వదిలేస్తాయేమో, ముందున్న మనిషి మీద పడతానేమో, పడితే ఏమంటారో, వాళ్ళు అనబోయే మాటలూ తను చెప్పబోయే జవాబులూ అన్నీ స్టాపు రాకముందే అయిపోతాయి, దిగేసరికి ఎవరితోనూ ఏ గొడవా పడకుండానే గొంతు బొంగురుపోయి ఉంటుంది. నువ్వు ఎక్కువ ఆలోచిస్తావే, అదే నీ జబ్బు అంటుంది అక్క, రోజూ పొద్దున ఫోను చేసి. ఆలోచించడం మానెయ్యి అనే ప్రతివాళ్ళూ ఎలా మానాలో చెప్పకుండానే ఫోను పెట్టేస్తారు. ఒడ్డున కూర్చున్నవాళ్ళకు ఈత ఎంత తేలికో. అక్క ఒక తైలం చెప్పింది, ఇంకో తైలం చెప్పింది, ఆవిరి చెప్పింది, ఇసకమూట చెప్పింది, చివరికి దిండు మార్చమంది. దిండు మార్చింది కూడా. కోపం దేనికంటే, ప్రతిదానికీ లోపల ఏ మూలో ఆశ పడింది, అందుకు.

పదహారు వెలిగింది. లోపలికి వెళ్ళినామె అయిదు నిమిషాల్లో బయటికొచ్చింది, మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఆ గాజు తలుపు వెనక డాక్టరు రెండు మాటల్లో ఒకటి రాస్తాడు. పనికి 'అనర్హురాలు' అని రాస్తే నెలనెలా భృతి వస్తుంది, ఇల్లు ఏదో ఒకలా నడుస్తుంది, కూతురు చదువు మాననక్కర్లేదు. 'అర్హురాలు' అని రాస్తే ఆ కాగితం పట్టుకుని వెళ్ళి పని వెతుక్కోవాలి, ఏ ఫ్యాక్టరీ గేటులోనూ ఆ చేతికి పని లేదు. లోకంలో అందరూ ఏదో ఒక అర్హత కోసం పరీక్ష రాస్తారు. తను అనర్హత కోసం వచ్చి కూర్చుంది, అదీ పాస్ కాలేనేమోనన్న భయంతో. పంతొమ్మిదేళ్ళు కటింగ్ హాల్లో చేసిన మనిషి. బస్సంత పొడుగు బల్ల మీద ఎనభై మడతల గుడ్డ పరిచి, పైన నమూనా కాగితం వేసి, నిలువు కత్తి మెషీను దాని మీద నడిపించిన మనిషి. పైమడత సరిగ్గా తెగితే సరిపోదు, అట్టడుగు మడత కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా తెగాలి, లేకపోతే ఎనభయ్యో చొక్కా తొడుక్కున్నవాడికి చంక పట్టేస్తుంది. ఆ హాల్లో అంతకుముందు కత్తి పట్టిన ఆడది లేదు. మొదటి ఏడాది, ఆడవాళ్ళు కుట్టుకోవాలి గాని కొయ్యకూడదమ్మా అన్నారు. మూడో ఏడాదికి బ్లేడమ్మ అని పేరు పెట్టారు. ఎగతాళికి పెట్టిన పేరు, అయిదో ఏడాదికి, కష్టమైన లే, అంటే పరిచిన మడతల దొంతర, వచ్చినప్పుడల్లా, బ్లేడమ్మను పిలవండి అనేదాకా వచ్చింది. ఆ పేరును ఆవిడ ఒంటిమీద నగలా మోసింది. బరువైనా తీయలేదు.

అందుకే దాచింది. నొప్పి మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెయ్యి నొప్పి అన్న మరుక్షణం కత్తి ఇంకొకరి చేతికి వెళుతుందని తెలుసు, ఆవిడ చేతికి అలాగే వచ్చింది మరి. అందరికంటే అరగంట ముందు వెళ్ళి, బట్టలు మార్చుకునే గదిలో మోచేతికి పట్టీ బిగించుకుని, పైన పొడుగుచేతుల చొక్కా వేసుకునేది. మాత్రలు గుండీల డబ్బాలో దాచేది. మెషీనును చేత్తో కాకుండా తుంటితో నెట్టడం నేర్చుకుంది. చూసినవాళ్ళు బ్లేడమ్మ నడకలో వయ్యారం వచ్చిందని నవ్వుకున్నారు, ఆవిడా వాళ్ళతోపాటు నవ్వింది. రెండేళ్ళు. ఒక్క సెలవు లేదు. ఇంట్లో కూడా చాలాకాలం చెప్పలేదు. చివరి నెలల్లో డాక్టరు దగ్గరికి దొంగతనంగా వెళితే, ఆయన స్కాన్ వెలుతురుకు పట్టి, మెడలో నరం కాస్త నొక్కుకున్నట్టుంది, పెద్దగా ఏమీ లేదు అన్నాడు. ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోండి అన్నాడు. మూడో ఆయన, ఈ వయసులో ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే అన్నాడు. ఆ మూడో ఆయన్ని మాత్రం ఇప్పటికీ రోజుకోసారైనా మనసులో బల్లమీద పరిచి, పైన నమూనా కాగితం వేస్తుంది.

ఇప్పుడు ఆ దాచిన రెండేళ్ళే ఎదురు తిరిగాయి. కిందటి నెల ఇదే కౌంటరులో, అద్దానికి ఉన్న గుండ్రటి కంతలోంచి గుమాస్తా మొహం సగమే కనిపిస్తూ, "హాజరు పట్టీలో సెలవులే లేవు కదమ్మా, మరి నొప్పి ఎప్పుడొచ్చింది?" అన్నాడు. నొప్పి రోజూ వచ్చింది నాయనా, నాతోపాటే గేటు దాటి వచ్చింది, దానికి హాజరు వేసే పట్టీ లేదు. ఈ మాట ఇంటికెళ్ళాక తట్టింది. అక్కడ మాత్రం కూతురు రాసుకోమని ఇచ్చిన నోటుపుస్తకం తీసి చూపించింది, రోజువారీ నొప్పి రాసుకున్నది. మొదటి వారం వివరంగా రాసింది, రెండో వారం నుంచి 'ఇవాళా అదే', 'ఇవాళా అదే', పేజీల నిండా. గుమాస్తా దాన్ని కంతలోంచి వెనక్కి తోసేశాడు. "మీరు రాసుకున్నది చెల్లదమ్మా. డాక్టరు రాస్తేనే చెల్లుతుంది." ఒళ్ళు తనది, నొప్పి తనది, చేతిరాత కూడా తనదే, చెల్లుబాటు మాత్రం ఇంకొకరిది.

"ఎన్నో టోకెనమ్మా?" పక్క కుర్చీ కిర్రుమంది. భారీ మనిషి, ఒకప్పుడు బస్సు నడిపేవాడట, నడుము పట్టేసి దిగిపోయాడు, ఇది మూడోసారి రావడం. పంతొమ్మిదంది. నాది పదిహేడు, అని, ఆయన ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నిటారుగా కూర్చోకు చెల్లెమ్మా. ఇక్కడ ఎక్కడ కెమెరా ఉందో ఎవడికి తెలుసు. ఇవాళ బాగుంది అని మాత్రం చచ్చినా అనొద్దు. నేను మొదటిసారి ఆ మాటే అని మునిగాను." మరి ఈసారి ఏం చేస్తావన్నా అంటే, చుట్టూ చూసి, ఎడమ బూటు కొద్దిగా వంచి చూపించాడు. "గులకరాయి వేసుకొచ్చా. అడుగు తీసి అడుగు వేస్తే కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి. నటించాల్సిన పనే లేదు." ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక్కసారిగా ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. నిజంగా నడుం విరిగినవాడు అది నమ్మించడానికి కాలిలో రాయి వేసుకుని రావాలి. ముప్ఫయ్యేళ్ళు జనాన్ని భద్రంగా ఇళ్ళకు చేర్చిన మనిషి.

పదిహేడు వెలిగింది. డ్రైవరన్న కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఆవిడ లేచి, నడవా చివర కిటికీ దగ్గరికి వెళ్ళింది. అనుకోకుండా వెళ్ళినట్టు వెళ్ళింది గాని అనుకునే వెళ్ళింది. సంచి కుడిచేతికి మార్చుకుంది. లోపల ఫైలు, స్కాన్ కవరు, నీళ్ళ సీసా, గొడుగు. చెయ్యి నిటారుగా ముందుకు చాచి, సంచిని వేలాడదీసి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కింద ఎవరో షట్టరు ఎత్తుతున్నాడు, ఒక్క ఊపులో ఎత్తేశాడు, వాడి చెయ్యి ఎంత గొప్పదో వాడికే తెలియదు. యాభై. రా. ఒకామె రెండు చేతుల్లో సంచులతో, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నడిచిపోతోంది, ఆ మెడను చూస్తే భయమేసింది. తొంభై. రావే. ఏ రోజున రమ్మన్నాను నిన్ను, ఇదే మొదటిసారి, ఇదే ఆఖరుసారి. నూట యాభై. చెయ్యి వణుకుతోంది, కాని అది మామూలు వణుకు, ఎవరికైనా వచ్చే అలసట. బోర్డు వాళ్ళకు పనికిరాని సరుకు. నేల తుడిచే ఆమె కర్ర ఆపి చూస్తూ, "ఏమ్మా, వ్యాయామమా?" అంది. అవునంది. "మంచిదమ్మా, చేస్తూ ఉండాలి," అని ఆమె బకెట్టు జరుపుకుంటూ వెళ్ళిపోయింది.

సంచి నేల మీద పెట్టేసింది. సిగ్గేసింది. మూడేళ్ళు పొమ్మని మొక్కినదాన్ని రమ్మని బతిమాలుకునే స్థితికి తెచ్చారు. ఎవరు తెచ్చారు? ఫ్యాక్టరీయా? ఫ్లోరు మేనేజరా? ఇక్కడికొచ్చేసరికి ఆలోచన ఎప్పుడూ ఒకే గుంటలో పడుతుంది, కార్డురాయ్ గుంటలో. ఆ గుడ్డకు నూగు ఉంటుంది, అంతా ఒకే దిక్కుకు వాలి ఉంటుంది. పైనుంచి కిందికి నిమిరితే ఒక రంగు, కిందినుంచి పైకి నిమిరితే ఇంకో రంగు. మామూలు గుడ్డను బల్లమీద అటూ ఇటూ పరుచుకుంటూ పోవచ్చు. కార్డురాయ్‌ని అలా పరచకూడదు. ఒక మడత పరిచి, కోసి, గుడ్డ చుట్టను మళ్ళీ బల్ల మొదటికి మోసుకొచ్చి, రెండో మడత అక్కడినుంచే మొదలుపెట్టాలి. మోయడం ఇద్దరి పని. ఆ రోజు పరిచేవాళ్ళలో ఒకామె రాలేదు. చుట్ట రెండో కొస ఆవిడే పట్టింది. మొదటిసారి మోసింది, రెండోసారి మోసింది, పదోసారికి చెయ్యి ఉందో లేదో తెలియలేదు, కళ్ళముందు చీకట్లు. అక్కడినుంచి చుట్ట వెనక్కి మొయ్యలేదు. అటునుంచి ఇటే పరిచేశారు. ఆవిడే పరచమంది. నూగు సంగతి మర్చిపోయింది.

మర్చిపోయిందా? పంతొమ్మిదేళ్ళ చేతికి నూగు మర్చిపోవడం వస్తుందా? గుడ్డ మీద అరచెయ్యి ఆనితే చాలు, చీకట్లో కూడా చెప్పగలదు. చెయ్యే, ఇక మొయ్యలేనని, బుర్రకు చెప్పకుండా నిర్ణయం తీసేసుకుందేమో. మూడోనాటికి ప్యాంట్లు కుట్టి వచ్చాయి. ఒక కాలు ముదురు, ఒక కాలు లేత. ఒకటీ రెండూ కాదు, దొంతర్లకు దొంతర్లు. మేనేజరు ఒక ప్యాంటును ట్యూబులైటు కింద పరిచి, హాలంతా వినేలా, "ఏమ్మా బ్లేడమ్మా, కళ్ళు కనిపించడం లేదా?" అన్నాడు. అప్పుడైనా కళ్ళు కాదు, చెయ్యి అని ఉండొచ్చు. చెయ్యి పోయింది సార్ అని ఉండొచ్చు. ఆవిడ తలొంచుకుని, పొరపాటైంది సార్ అంది. కళ్ళు పోయాయని అనుకోనిచ్చింది గాని చెయ్యి పోయిందని ఒప్పుకోలేదు. చూశావా పొగరు. కాగితం మీద 'నిర్లక్ష్యం' అని రాసి గేటు చూపించారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఇక్కడ ఆ రోకలి ఎత్తి ఇచ్చింది తనే. అందుకే ఈ కోపానికి నిలకడ లేదు. మేనేజరు మీద కాసేపు, డాక్టర్ల మీద కాసేపు, తిరిగి తిరిగి తన మెడ మీదికే వచ్చి వాలుతుంది.

గాజు తలుపు తెరుచుకుని డ్రైవరన్న బయటికొచ్చాడు. లోపలికి వెళ్ళినప్పటికంటే ఎక్కువ కుంటుతున్నాడు. ఏమైందన్నా అంది. ఆయన కుర్చీలో కూలబడి, బూటు విప్పుతూ, ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు. "నడుము సంగతి అడగనే లేదమ్మా. కాలు చూసి, కాలికి ఎక్స్‌రే తీయించుకు రమ్మని రాశారు." ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కూడా నొప్పి లేకుండా, హాయిగా, వేయగలిగింది.

అప్పుడు నిర్ణయించుకుంది. అబద్ధం ఆడినా వాళ్ళు చూడదలచుకున్నదే చూస్తారు. అలాంటప్పుడు నిజమే చెబుతాను, చచ్చినట్టు వింటారు. ఇది నీతి కాదు, ఒట్టి కసి. పద్దెనిమిదో మనిషి కూడా వెళ్ళొచ్చి, ఎర్ర అంకె పంతొమ్మిదికి మారేసరికి ఆవిడ నిటారుగానే లేచింది.

లోపలి డాక్టరు తనకంటే చిన్నవాడు. ఫైలులోంచి తల ఎత్తకుండా కూర్చోమన్నాడు. కిటికీ పక్క చిన్న బల్ల దగ్గర, చేతి పరీక్షలు చేసే అమ్మాయి, తెల్లకోటు భుజాలు జారిపోతూ. కొలత ఒక సైజు ఎక్కువ, ఎవరు కోశారో గాని. "ఇప్పుడు నొప్పి ఉందా?" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు లేదండీ. నిన్న ఉంది. రేపు ఉంటుంది," అంది. ఆయన కలం చిన్నగా కదిలి ఆగింది. మూడు మాటలకు పట్టేంత కదలలేదు. "రెండేళ్ళలో ఒక్క సెలవు కూడా లేదు. నొప్పితో అంత పని ఎలా చేశారు?" "నొప్పితోనే చేశాను." ఆయన కొంచెం నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ఆ రోజు పంతొమ్మిదోసారి నవ్విన నవ్వు. అమ్మాయి వైపు చెయ్యి చూపించాడు.

పిడికిలి బిగించమంది, బిగించింది. మేకులు కన్నాల్లో పెట్టమంది, పెట్టింది. చివరికి ఒక కాగితం, దాని మీద లావుపాటి నల్ల వంపుగీత, పక్కన కత్తెర. గీత వెంట కత్తిరించండి అంది. కత్తెర చేతిలోకి తీసుకోగానే తెలిసింది, మర వదులు, మొండిది, బోర్డు పెట్టినప్పటినుంచీ దీనికి సాన పట్టినట్టు లేదు. వంకరగా కత్తిరించాలి, ఎవరైనా అదే చేస్తారు. నాలుగు చోట్ల గీత దాటితే చాలు, ఒకచోట కత్తెర జారవిడిస్తే చాలు, కూతురు కాలేజీ ఉంటుంది. ఇంత చిన్న పని. ఆవిడ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, నోరు జారింది. "గీత లోపలి అంచు మీదా, బయటి అంచు మీదా అమ్మా?" అమ్మాయి కళ్ళు పైకెత్తింది. "ఇది ఎవరూ అడగలేదండీ. ఏదైనా పర్లేదు." పర్లేకపోవడమేమిటి? గీత ఇంత లావుంటే ఏ అంచో చెప్పొద్దా? మర వదులు సర్దుకోవడానికి బొటనవేలిని కొద్దిగా లోపలికి నొక్కింది, తర్వాత ఆవిడ ఏమీ చేయలేదు, చెయ్యే చేసుకుపోయింది. కాగితం తిరిగింది, కత్తెర తిరగలేదు. గీత నట్టనడుమ, మొదటినుంచి చివరిదాకా, ఇరువైపులా సమానంగా నలుపు మిగుల్చుతూ. "ఎంత బాగా వచ్చిందండీ," అంది అమ్మాయి, మనస్ఫూర్తిగా. ఆ మాటకు, సిగ్గులేని గుండె, ఎనిమిది నెలల తర్వాత ఎవరో మెచ్చుకున్నారని ఒక్క క్షణం పొంగింది కూడా.

డాక్టరు రాస్తున్నాడు. నమూనాలను తలకిందులుగా చదవడం అలవాటైన కళ్ళు. 'అర్హురాలు'.

ఈసారి దడ రాలేదు. దడ రావలసిన చోట వేరే ఏదో వచ్చింది, కాళ్ళనుంచి పైకి, వేడిగా. "ఇంకా ఉన్నాయా ఈ కాగితాలు?" అంది. ఉన్నాయండీ, ఎందుకూ అంది అమ్మాయి. "ఇలా ఇవ్వు." దొంతర లాక్కుంది. "ఫ్యాక్టరీలో ఒక్కటి కోయించుకుని ఇంటికి పంపరు. మీరు రాసింది ఆ పనికే కదండీ. కూర్చోండి, చూడండి." రెండోది కత్తిరించింది, మూడోది. డాక్టరు గోడ గడియారం చూసి, బయట చాలామంది ఉన్నారమ్మా అన్నాడు. బయటివాళ్ళ గురించి ఆయన బెంగపడటం ఇవాళ ఇదే మొదలై ఉంటుంది. అయిదు. ఏడు. తొమ్మిదోదానికి బొటనవేలి మొదట్లో వెచ్చగా తగిలింది. పదకొండోదానికి రెక్క కింద కదిలింది, ఆ వచ్చావా, ఇంతసేపూ ఏ మూల పడుకున్నావు అనుకుంది. పదమూడోదానికి మెడనుంచి వేలిదాకా మొత్తం దారంతా తెరుచుకుంది. కళ్ళల్లో నీళ్ళు దిగాయి, వాటిని తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అమ్మాయి, చాలండీ, ఆపేయండీ అంటోంది. చాలదు. ఎనభై మడతలకు చాలదు, పంతొమ్మిదేళ్ళకు చాలదు. పదహారోది చివరిదాకా వచ్చాక కత్తెర మూసుకుంది, తెరుచుకోలేదు. తెరవమని చెప్పింది. వేళ్ళకు వినపడలేదు.

అమ్మాయి బల్ల దాటి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర కంతల్లోంచి ఒక్కొక్క వేలే విడదీసింది. బొటనవేలి దగ్గర ఆవిడ మొదటిసారి నోరు తెరిచి అరిచింది. బయట కుర్చీల వరస కిర్రుమని ఆగిపోయింది. డాక్టరు లేచి నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో పదహారో కాగితం ఉంది, దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. దాని మీద కూడా గీత ఎక్కడా తప్పలేదు.

"ఇంత నొప్పి వస్తుందని ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు.

"చెప్పాను." ఒగరుస్తూ అంది. "మొదటి ప్రశ్నకే చెప్పాను. ఇప్పుడు లేదు, నిన్న ఉంది, రేపు ఉంటుంది అన్నాను. మీరు మొదటి మాట రాసుకుని ఆపేశారు."

కుడిచెయ్యి ఒడిలో పడి ఉంది. ఎడమచేత్తో ఫైలు లాగి, ఆయన రాసిన మాట ఆయనకే కనిపించేలా తిప్పి, బల్ల మీదుగా ముందుకు తోసింది. "కొట్టేయండి. కొట్టేసి, ఈసారి పూర్తిగా రాయండి." ఆయన కూర్చున్నాడు. కలం తీసుకున్నాడు. ఆవిడ కుర్చీని బల్లకు దగ్గరగా జరుపుకుని, మొదటి ఏడాది దగ్గరనుంచి, ఒక్కొక్క మాటా రాసుకోగలిగినంత నెమ్మదిగా, చెప్పడం మొదలుపెట్టింది.